లింక్ అసలుదా, నకిలీదా? అడ్రస్‌ను కుడి నుంచి చదవండి

పరకాల: షాదీ ముబారక్ దరఖాస్తు కోసం మీసేవకు పోయేవాళ్లు ఉన్నరు, వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కి ఫోన్‌లోనే నింపేవాళ్లూ ఉన్నరు. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చే ఫారం అది. నకిలీ సైట్‌లో నింపితే ఆ వివరాలన్నీ మోసగాళ్ల చేతికి పోతయి. అందుకే వెబ్ అడ్రస్ చదవడం నేర్చుకోవాలి.

ఈ పథకం అసలు సైట్ పేరు తెలంగాణఈపాస్ డాట్ సీజీజీ డాట్ గవ్ డాట్ ఇన్. దాని ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు ఉంటయి.

హెచ్‌టీటీపీఎస్ అంటే మీ ఫోన్‌కు, సైట్‌కు మధ్య పోయే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని అర్థం. అంతేగానీ సైట్ నిజాయితీకి అది హామీ కాదు. తాళం గుర్తు నకిలీ సైట్‌కూ దొరుకుతది.

అసలు గుట్టు పేరులో ఉంది. ఆ రెండు స్లాష్‌లు దాటాక మళ్లీ వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగాలి. స్లాష్ లేకపోతే చివరి దాకా పోవాలి. అక్కడి నుంచి ఉర్దూ చదివినట్టు కుడి నుంచి ఎడమకు రావాలి. ఇన్ అంటే ఇండియా. దానికి ముందు గవ్ ఉంటే ప్రభుత్వానిది. డాట్ గవ్ డాట్ ఇన్ పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇస్తరు. సీజీజీ అంటే హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్. తెలంగాణఈపాస్ అందులో ఒక విభాగం. ఉత్తరం మీద ముందు ఇంటి నంబరు, తర్వాత వీధి, పరకాల, చివర రాష్ట్రం రాసినట్టే ఇదీ.

మోసం ఎక్కడ జరుగుతది? ముందు తెలంగాణఈపాస్ డాట్ గవ్ అని పెట్టి, చివర వేరే పేరు, డాట్ కామ్ తగిలిస్తరు. ఎడమ నుంచి చదివితే సర్కారీ సైట్ అనిపిస్తది. కుడి నుంచి చదివితే దొరికిపోతది. కొందరు డాట్ ఉండాల్సిన చోట హైఫన్ పెడతరు. స్లాష్ తర్వాత షాదీముబారక్ అని ఉన్నా నమ్మొద్దు. అది సైట్ లోపలి పేజీ పేరు మాత్రమే, సైట్ పెట్టినవాళ్లు అక్కడ ఏదైనా రాసుకోవచ్చు.

అనుమానం వస్తే లింక్ నొక్కకుండా అడ్రస్‌ను స్వయంగా టైప్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయాలి. ఆ అడ్రస్‌నూ కుడి నుంచే చదివి చూసుకోండి.