మోకాలు మారుస్తమంటే, ఏం పెడుతున్నరో అడుగుండ్రి

నాట్లేసి, కలుపు తీసి, బరువులు మోసి మన అమ్మల మోకాళ్లు అరిగిపోతున్నయి. "గుజ్జు అయిపోయింది, మార్చాలె" అంటడు డాక్టర్. ఆ తర్వాత కౌంటర్ కాడ ఇంకొకాయన "మామూలుదా, మంచిదా?" అని అడుగుతడు. ఆ ఒక్క మాటకు మనోళ్లు ఉన్న నాలుగు గుంటలు అమ్ముకుంటరు. నేను డాక్టర్‌ను కాదు. చదివి, నలుగురిని అడిగి తెలుసుకున్నదే చెప్తున్న.

మోకాలు మార్చుడంటే కాలు తీసి ఇనుప కాలు పెట్టుడు కాదు. అరిగిన ఎముక కొసలను కొంచెం చెక్కి తొడుగు వేస్తరు. తొడ ఎముకకు ఎక్కువగా కోబాల్ట్-క్రోమియం తొడుగు. అది గట్టిది, అద్దం లెక్క నున్నగ అయితది. కింది ఎముకకు టైటానియందో, కోబాల్ట్-క్రోమియందో పళ్లెం. టైటానియం ఎముకతోని మంచిగ కలుస్తది గని రాపిడికి ఆగదు. రెండిటి నడుమ ఒక ప్లాస్టిక్ బిళ్ల ఉంటది. అది పాలిథిన్ జాతి, కాకపోతే మహా గట్టిది.

మన్నిక సంగతి ఎక్కువగా ఈ బిళ్ల కాడనే తేలుతది. 1950ల చివర్ల ఇంగ్లండ్‌ల జాన్ చార్న్‌లీ అనే డాక్టర్ తుంటి గిన్నెకు టెఫ్లాన్ వాడిండు. మన దోసె పెనం మీద ఉండే పూత అదే. మంచిగ జారింది గని కొన్నేండ్లకే అరిగింది, మళ్ల కోసుడైంది. 1962ల ఆయన గట్టి పాలిథిన్‌కు మారిండు. ఇయ్యాల్టికీ అదే జాతి నడుస్తున్నది.

బిళ్ల అరిగితే కంటికి కనపడని పొడి రాలుతది. ఒంట్లున్న రక్షణ కణాలు ఆ పొడి మీద పోరాటం మొదలు పెడితే పక్కన ఉన్న ఎముక కరుగుతది, ఇంప్లాంట్ వదులైతది. అందుకే 1990ల చివర్ల రేడియేషన్‌తోని ప్లాస్టిక్ పోగులను ఒకదానికొకటి ముడేసిన రకం తెచ్చిన్రు. తుంటిల దానితోని అరుగుడు చానా తగ్గింది. తుంటి బంతికి సిరామిక్ కూడ పెడ్తరు. అది ఇంకా నునుపు, కాకపోతే ఎప్పుడో ఒకసారి పగిలే ముప్పు ఉంటది.

కొత్తదంటే మంచిదే అనుకోవద్దు. లోహం మీద లోహం రాసుకునే డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటిని 2010 ఆగస్టుల ప్రపంచమంతట వెనక్కి తీసుకున్నరు. దాని నుంచి కోబాల్ట్, క్రోమియం రక్తంల కలిసినయి. మన దేశంల వేలమందికి అది పెట్టిన్రు, అండ్ల చానా మంది జాడనే దొరకలే. ఎవరి ఒంట్ల ఏమున్నదో రాసిపెట్టుకోకపోతే గిట్లనే అయితది.

ఇగ ధర. 2017 ఆగస్టుల కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు హద్దు పెట్టింది. లక్షన్నర దాటి అమ్ముతున్న కోబాల్ట్-క్రోమియం సెట్టును పన్ను కాకుండ 54,720 రూపాయలు చేసింది. అంటే అంతకుముందు ఎంత పిండుకున్నరో మీరే లెక్కేసుకోండ్రి. "బంగారు మోకాలు" అంటే కూడ మురిసిపోవద్దు. అండ్ల బంగారం ఉండదు, ఆ రంగు టైటానియం పూతది. లోహం పడనోళ్లకు అది పనికొస్తది. మిగతావాళ్లకు ఎక్కువ ఏండ్లు వస్తదని గట్టి రుజువు లేదు.

2019ల లాన్సెట్ పత్రికల వచ్చిన లెక్క చూడుండ్రి. పరాయి దేశాలల్ల పెట్టిన మోకాళ్లల్ల 100కు 82 దాకా 25 ఏండ్లు నిలిచినయి. అవన్నీ పాతకాలం రకాలే. ఖరీదైన పేరుతోని కాదు, ఒడుపైన డాక్టర్ చెయ్యితోని, అదుపుల ఉన్న బరువుతోని, ఇన్ఫెక్షన్ రాకుండ చూసుకునుడుతోని మోకాలు నిలుస్తది.

తమ్ముడూ, చెల్లే, అమ్మను తోలుకపోయినప్పుడు మూడు అడుగుండ్రి: ఏ లోహం? ఏ రకం ప్లాస్టిక్? ఇంప్లాంట్ ధర వేరుగ ఎంత? బిల్లు మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్ రాయించుకోండ్రి. డబ్బా మీది స్టిక్కర్ అడిగి తీసుకుని, ఫోన్‌ల ఫొటో కొట్టి, పట్టా పాస్‌బుక్కు ఉన్న కాడనే దాచుండ్రి. రేపు ఆ రకం వెనక్కి తీసుకుంటే, మన అమ్మ జాడ చెప్పేది ఆ స్టిక్కరే.