ఎక్స్‌రే గదిలో ఏం జరుగుతుంది? అక్కడ మనకు చోటుందా?



మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం వాలీబాల్ ఆడుతూ ఎనిమిదో తరగతి తమ్ముడొకడు కిందపడ్డాడు. చెయ్యి వాచింది. వార్డెన్ సార్ మా ఇద్దరిని తోడిచ్చి సూర్యాపేటలోనే ఆస్పత్రికి పంపించారు. ఎక్స్‌రే గది తలుపు మీద ఎర్ర లైటు చూడగానే వాడు ఏడుపు అందుకున్నాడు. "అన్నా, కరెంటు షాక్ కొడతదా?" అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. లోపలున్న టెక్నీషియన్ మాత్రం, "ఏం గాదు బిడ్డా, ఫోటో దిగినట్టే. చెయ్యి కదపకు" అని నెమ్మదిగా చెప్పి ఒకసారి, చెయ్యి పక్కకు తిప్పి ఇంకోసారి తీశాడు. మొదటిది చెడిపోయిందేమో అనుకున్నాం. మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటి వాళ్లం మేమే. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేశాం కాబట్టి ఆ రోజు చెప్పలేని జవాబు ఈ సంచికలో రాస్తున్నాం.

ఎక్స్‌రే గొట్టంలో వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు వేగంగా వెళ్లి టంగ్‌స్టన్ లోహాన్ని ఢీకొంటాయి. ఆ శక్తిలో 99 శాతం వేడిగా పోతుంది. మిగిలిన ఒక్క శాతమే ఎక్స్ కిరణాలు. కాల్షియం ఉన్న ఎముక వాటిని ఎక్కువగా ఆపుతుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. గాలి నిండిన ఊపిరితిత్తి ఆపలేదు కాబట్టి నల్లగా కనిపిస్తుంది. అంటే ఎక్స్‌రే ఫిల్మ్ ఒక నీడ. ఒక్క వైపు నుంచే చూస్తే విరిగిన ఎముక కూడా సరిగ్గా ఉన్నట్టే కనిపించవచ్చు. అందుకే ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తారు. ఈ కిరణాలను 1895 నవంబర్ 8న జర్మనీలో రాంట్‌జన్ కనిపెట్టాడు. 1901లో భౌతిక శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది.

ఈ నీడలకు మన నల్లగొండ ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగిన మర్రిగూడ వైపు పెద్దవాళ్ల నడుములు వంగిపోవడం మనకు తెలుసు. అలాంటి వారి ఎక్స్‌రేలో వెన్నెముక మామూలు కంటే దట్టంగా తెల్లగా ఉంటుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర కూడా గట్టిపడి కనిపిస్తుంది. కీళ్ల నొప్పులని ఏళ్లుగా మాత్రలు మింగుతున్న మనిషికి అసలు జబ్బేమిటో ఆ ఫిల్మ్ చూపిస్తుంది.

రేడియాలజీ విభాగం అంటే ఎక్స్‌రే ఒక్కటే కాదు. 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగా పోతుంది. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మిర్యాలగూడ మీదుగా పోతుంది. ఈ రోడ్ల మీద ప్రమాదం జరిగి తలకు దెబ్బ తగిలితే ముందు చేసేది సీటీ స్కాన్. ఇది కూడా ఎక్స్ కిరణాలతోనే పనిచేస్తుంది. మెదడులో కొత్తగా కారిన రక్తం కొద్ది నిమిషాల్లోనే తెల్లగా బయటపడుతుంది. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్‌లో వాడేది ధ్వని తరంగాలు, రేడియేషన్ ఉండదు. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఎంఆర్‌ఐలో కూడా రేడియేషన్ లేదు గానీ అందులోని అయస్కాంతం బలం భూమి అయస్కాంత బలానికి వేల రెట్లు. రోగి లేకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. అందుకే తాళంచెవి, పిన్నీసు, సెల్‌ఫోన్ ఏదీ లోపలికి పోనివ్వరు.

రేడియేషన్ ప్రమాదం కాదా? లెక్క తెలిస్తే భయమూ ఉండదు, నిర్లక్ష్యమూ ఉండదు. ఛాతీ ఎక్స్‌రేలో వచ్చేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్. మట్టి నుంచి, ఆకాశం నుంచి ఊరికే కూర్చున్నా పది రోజుల్లో ఇంచుమించు అంత వస్తుంది. కడుపు సీటీకి మాత్రం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి డాక్టరు అడిగితేనే తీయించుకోవాలి, పాత ఫిల్ములు దాచి తీసుకెళ్లాలి. గర్భిణి అయితే ముందే చెప్పాలి. అక్కడ పనిచేసేవారు సీసపు ఆప్రాన్ వేసుకుంటారు. వారి ఒంటి మీద ఎంత రేడియేషన్ పడిందో టీఎల్‌డీ బ్యాడ్జ్ లెక్కగడుతుంది. దూరం రెండింతలైతే రేడియేషన్ నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇంటర్‌లో మనం బట్టీపట్టిన సూత్రమే అక్కడ మనిషిని కాపాడుతుంది.

ఇక చదువు సంగతి. ఫిల్మ్ చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. ఆయన ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు ఎండీ చేసిన డాక్టరు. మిషన్ నడిపేది, రోగిని సరిగ్గా పడుకోబెట్టేది టెక్నీషియన్. దానికి ఇంటర్ తర్వాత పారామెడికల్ బోర్డు వారి రెండేళ్ల డిప్లొమా ఉంది, పేరు డీఎంఐటీ. డిగ్రీ స్థాయిలో బీఎస్సీ కోర్సులు కూడా ఉన్నాయి. 2019లో సూర్యాపేటలో, నల్లగొండలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల ఉన్నచోట రేడియాలజీ విభాగం ఉండాల్సిందే.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. కోదాడ వైపు నుంచి వచ్చిన మా బ్యాచ్ మిత్రుడికి నీట్‌లో సీటు రాలేదు. డాక్టరు కాకపోతే ఇంకేమీ లేదనుకుని ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత ఎవరో చెబితే ఆరు నెలల ఎక్స్‌రే కోర్సంటూ ఒక సంస్థలో చేరాడు. ఫీజు కోసం వాళ్లమ్మ మేకలు అమ్మింది. సర్టిఫికెట్ పట్టుకుని ఉద్యోగానికి పోతే, బోర్డు గుర్తింపు లేదు, చెల్లదన్నారు. డబ్బులు తిరిగి రాలేదు. కాబట్టి తమ్ముళ్లూ, ఫీజు కట్టకముందే మూడు సంగతులు అడగండి. కాలేజీకి బోర్డు గుర్తింపు ఉందా? ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో చేయిస్తారు? చదువు అయ్యాక బోర్డులో రిజిస్ట్రేషన్ చేస్తారా? ఒక్కదానికైనా సూటిగా జవాబు రాకపోతే అక్కడినుంచి వచ్చేయండి. మీ చెల్లెళ్లకు కూడా చెప్పండి.

మా మిత్రుడు ఇప్పుడు గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాడు. మొన్న కలిసినప్పుడు ముందుగా ఏం నేర్పారని అడిగాం. "మిషన్ ముట్టనియ్యలేదు. రోగి పేరు అడుగుడు, కుడి చెయ్యా ఎడమ చెయ్యా చూసుకునుడు, భయపడేటోళ్లకు ధైర్యం చెప్పుడు. ఇవే నేర్పిండ్రు" అన్నాడు.

ఆ రోజు మా తమ్ముడి ఏడుపు ఆపింది కూడా ఆ చదువే. మన హాస్టల్ పిల్లలు కొందరైనా ఆ గదిలో రోగులుగా కాక ఉద్యోగులుగా నిలబడాలని మా కోరిక.