లైనక్స్‌లో యూఎస్‌బీ హెడ్‌సెట్ పలకట్లేదా? రిటర్న్ పెట్టే ముందు ఇవి చూడండి!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్తది కొనడం ఎందుకని పాత ల్యాప్‌టాప్‌లోనే ఉబుంటు, లైనక్స్ మింట్ వేసుకున్నవాళ్లు ఉన్నారు. అంతా బాగానే నడుస్తుంది.. తీరా ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పది నిమిషాల ముందు యూఎస్‌బీ హెడ్‌సెట్ పెడితే చప్పుడే ఉండదు! వెంటనే డ్రైవర్ కోసం నెట్‌లో వెతుకులాట మొదలు. కానీ చాలాసార్లు అసలు సమస్య అది కాదు.

యూఎస్‌బీ ఆడియోకి ఒక ఉమ్మడి ప్రమాణం ఉంది. దాన్ని పాటించే హెడ్‌సెట్‌లకు, మైక్‌లకు కావాల్సిన డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోనే వచ్చేస్తుంది. సొంత పద్ధతిలో పనిచేసే కొన్ని స్టూడియో పరికరాల సంగతి వేరు. మిగతావాటికి శబ్దం ఎక్కడ ఆగిపోతోందో పట్టుకుంటే చాలు.

ముందుగా టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. కంప్యూటర్ గుర్తించిన యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. అందులో మీ హెడ్‌సెట్ లేకపోతే సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టడం దండగ. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, పోర్ట్ మార్చండి. విడిగా కేబుల్ ఉండే మైక్ అయితే కేబుల్ కూడా మార్చి చూడండి. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా వైర్లు ఉండవు. మైక్ మీద లైట్ వెలుగుతుంది గానీ కంప్యూటర్‌కి అది కనిపించదు.

జాబితాలో ఉంది, శబ్దమే లేదంటారా? ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. కంప్యూటర్‌లో సౌండ్ కార్డు ఒక్కటే ఉండదు. ల్యాప్‌టాప్‌ది ఒకటి, హెచ్‌డీఎంఐ మానిటర్‌ది ఒకటి, ఇప్పుడు హెడ్‌సెట్‌ది ఇంకొకటి. స్పీకర్లే లేని మానిటర్‌కి శబ్దం వెళ్తూ ఉండొచ్చు! సెట్టింగ్స్‌లో సౌండ్‌కి వెళ్లి అవుట్‌పుట్‌గా హెడ్‌సెట్‌ని ఎంచుకోండి. ఇన్‌పుట్‌ని విడిగా మార్చాలి. ఇది మర్చిపోతే మీకు అవతలివాళ్ల మాట వినిపిస్తుంది, మీ మాట వాళ్లకు వినిపించదు. జూమ్, గూగుల్ మీట్‌లలోనూ మైక్ ఎంపిక వేరుగా ఉంటుంది. అదీ చూసుకోండి.

అయినా పలకకపోతే టెర్మినల్‌లో 'ఆల్సామిక్సర్' తెరవండి. ఎఫ్6 నొక్కి మీ హెడ్‌సెట్‌ని ఎంచుకోండి. వాల్యూమ్ గీత కింద రెండు 'ఎం' అక్షరాలు కనిపిస్తే మ్యూట్‌లో ఉన్నట్టే. కీబోర్డ్‌లో 'ఎం' నొక్కితే మ్యూట్ పోతుంది. మైక్ కోసమైతే ఎఫ్4 నొక్కి చూడాలి.

ఉబుంటు 22.10 నుంచి శబ్దాన్ని నడిపించేది పైప్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్. అంతకుముందు పల్స్ ఆడియో ఉండేది. ఏదైనా అప్పుడప్పుడు మొరాయిస్తుంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే చాలావరకు దారికొస్తుంది. మొత్తం ఫార్మాట్ కొట్టేయాల్సిన పనేం లేదు.

కాసేపు పలికి ఆగిపోతుంటే మాత్రం అనుమానించాల్సింది కేబుల్‌నీ, పోర్ట్‌నీ. హెడ్‌సెట్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. అక్కడా కనిపించకపోతే ఇక నిరభ్యంతరంగా రిటర్న్ పెట్టేయొచ్చు.