ముందు పట్టు, తరువాత దెబ్బ

మన పల్లెల్లో పెద్దవారి దగ్గర బ్యాడ్మింటన్ మాటెత్తితే, పసుపుపచ్చ ఉన్ని బంతితో అయిదుగురేసి ఆడే బాల్ బ్యాడ్మింటన్‌ను తలచుకుంటారు. పిల్లలు ఆడేదాన్ని షటిల్ అంటారు. రెంటిలోనూ బ్యాటు ఉంది, వల ఉంది, కాని చేతి పని వేరు. ఉన్ని బంతి బరువు 27 నుండి 30 గ్రాములు. షటిల్ బరువు సుమారు 5 గ్రాములు. అంత తేలికైన దాన్ని చేతి బలంతో బాదితే వెళ్ళదు. ఒడుపు కావాలి.

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చి, 2019లో ప్రపంచ విజేత అయింది. అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ డబుల్స్‌లో ప్రపంచంలోని మేటివారిలో ఒకడయ్యాడు. ఈ పేర్లు విన్న మన బిడ్డలు బ్యాట్లు కొనమంటున్నారు. కొనిపెడుతున్నాము. వాటిని ఎలా పట్టుకోవాలో చెప్పేవారే మన ఊళ్ళలో అరుదు. సండే స్కూలు టీచర్లు, యువజన నాయకులు ఈ నాలుగు మాటలు చదివి నేర్పగలరని వ్రాస్తున్నాను.

మొదటిది పట్టు. కొత్తగా ఆడే పిల్లవాడు బ్యాటును అట్లకాడలాగా, వల ముఖం తనకెదురుగా పెట్టి పట్టుకుంటాడు. ముందు పడే షటిల్‌ను అలా నెట్టగలడు గాని, తల వెనుకకు వచ్చినది ఆడలేడు. బ్యాటు అంచు నేలవైపు ఉండేలా నిలిపి, దాని పిడితో కరచాలనం చేసినట్లు పట్టుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఇంగ్లీషు వి అక్షరం లాంటి సందు ఏర్పడాలి. ఎడమవైపు వచ్చేదాన్ని వెనుకచేతితో కొట్టేటప్పుడు బొటనవేలిని పిడి వెడల్పు పలక మీద ఆనించాలి. పట్టు ఎప్పుడూ వదులుగానే ఉండాలి, చేతిలో కోడిపిల్ల ఉన్నంత వదులుగా. షటిల్ తగిలే క్షణంలో మాత్రమే వేళ్ళు బిగించాలి. పిడి బిగించి పట్టుకున్న పిల్లవాడికి పది నిమిషాల్లో ముంజేయి నొప్పి పుడుతుంది. ఆట రాలేదనుకొని మానేస్తాడు.

రెండవది తలమీది దెబ్బ. ఈ ఆటలో సగం అదే. మామిడికాయ మీద రాయి విసిరే కుర్రవాణ్ణి గమనించండి. ఒక ప్రక్కకు తిరుగుతాడు, ఎడమచేయి కాయవైపు ఎత్తుతాడు, మోచేయి వెనుకకు తీసి, ఒంటి బరువును వెనుక కాలినుండి ముందు కాలిమీదికి తెచ్చి విసురుతాడు. షటిల్‌ను తలమీదుగా అవతలి గీత దాకా పంపే దెబ్బ అచ్చంగా ఇదే. ఎడమచేయి వస్తున్న షటిల్‌ను చూపాలి, దెబ్బ తలకు పైన కొంచెం ముందుగా తగలాలి, ముంజేయి లోపలికి తిరగాలి. మగపిల్లలకు ఇది సగం వచ్చే ఉంటుంది.

మన ఆడపిల్లల దగ్గర చిక్కు వస్తున్నది ఇక్కడే. వారు రాయి విసిరి పెరగలేదు, విసిరితే కసిరాము. కాబట్టి బ్యాటు చేతికిచ్చినా షటిల్‌ను ముందుకు తోస్తారే తప్ప విసరలేరు. అది చేతకానితనం కాదు, అలవాటు లేకపోవడం. బ్యాటు ఇవ్వకముందు పాతగుడ్డలు చుట్టి బంతులు చేసి, వెనుక గీత దగ్గర నిలబెట్టి, వల అవతలికి విసరమనండి. రోజుకు యాభైసార్లు చాలు. మా సంఘంలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె రెండు వారాలు అదే చేసింది. తరువాత తన అన్నకంటె దూరం కొట్టింది. అన్న ఒప్పుకోలేదనుకోండి!

పన్నెండేళ్ళు దాటిన పిల్లను ఆటకు పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. ఊరి మైదానానికి పంపనివారు చర్చి ఆవరణకు పంపుతారు. తల్లులు అరుగుమీద కూర్చుంటారు, పంజాబీ డ్రెస్సుమీద చున్నీ నడుముకు బిగిస్తే పరుగుకు అడ్డురాదు. కొందరు పెద్దలు తిమోతి మొదటి పత్రిక నాలుగవ అధ్యాయం చూపించి, శరీర సాధన ప్రయోజనం కొంచెమే గదా అంటారు. నిజమే. కొంచెమన్నాడు పౌలు, బొత్తిగా లేదనలేదు. ఆవరణ వారానికి ఆరు దినాలు ఖాళీగా ఉండగా ఆ కొంచెం మన కుమార్తెలకు ఎందుకు ఉండకూడదు?

పిల్లలందరికీ ముందు స్మాష్ కావాలి. సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లని 2023లో గిన్నిస్ వారు నమోదు చేశారని విన్న తరువాత ఎవరాగుతారు? అయితే స్మాష్ కూడా అదే విసురు, షటిల్‌ను ఇంకాస్త ముందుగా అందుకొని క్రిందికి కొట్టడమే. వెనుక గీత దాకా పంపలేని పిల్లకు స్మాష్ నేర్పితే భుజం నొప్పి తప్ప మిగిలేదేమీ లేదు. వల దగ్గరి ఆటకు బలంతో పని లేదు. కుడికాలు చాచి మడమ ముందు ఆనించి, షటిల్‌ను వల అంచుమీదనే అందుకోవాలి, వెంటనే నడిమికి తిరిగి రావాలి.

ఎడమచేతి వాటం బిడ్డలను కుడిచేతికి మార్చకండి. రియోలో సింధును గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌ది ఎడమచేతి వాటమే. న్యాయాధిపతుల గ్రంథం ఇరవయ్యవ అధ్యాయంలోని ఏడువందలమంది బెన్యామీనీయుల గురి సంగతి మీకు తెలిసినదే.

కోర్టు 44 అడుగుల పొడవు, డబుల్స్‌కు 20 అడుగుల వెడల్పు. రెండు సరుగుడు బాదులు పాతి, వల నడుమ 5 అడుగుల ఎత్తు ఉండేలా కట్టి, ముగ్గుపిండితో గీతలు వేస్తే సరి. గులకరాళ్ళు ఏరివేయండి, చెప్పులతో పరుగెత్తనివ్వకండి. ఈక షటిల్ ఆరుబయట నిలవదు, నైలాన్‌ది కొనండి. మన వేడికి షటిల్ మామూలుకంటె దూరం పోతుంది గనుక ఆకుపచ్చ పట్టీ ఉన్న నిదానం రకం మంచిది. గాలి లేవకముందు, తెల్లవారగానే ఆడితే మేలు.

సర్వీసు నడుముకు క్రిందనుండే చేయించండి. అసలు నియమం 2018 నుండి నేలకు 1.15 మీటర్ల ఎత్తు. ఆట 21 పాయింట్లకు, సర్వీసు ఎవరిదైనా పాయింటు వస్తుంది. 2006కు ముందు నేర్చుకొన్న పెద్దలు 15 లెక్కతో తగవుకు వస్తారు, నచ్చజెప్పండి. అంపైరు లేనప్పుడు షటిల్ ఎవరివైపు పడితే వారే లోపలో బయటో చెప్పాలి. గీతమీద పడితే లోపలే. నిజంగా కనబడకపోతే ఆ పాయింటు మళ్ళీ ఆడించండి.