ఆయుధముద్ర – చరిత్ర సాక్ష్యం: జర్మన్ పిస్తోలు నమూనాగా ఒక పరిశీలన

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఆధునిక చరిత్రలో ఆయుధానికి ప్రత్యేక స్థానం ఉన్నది. 1946-51 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో గెరిల్లా దళాలు దొరల నుంచి, పోలీసుల నుంచి, రజాకార్ల నుంచి స్వాధీనం చేసుకున్న తుపాకులను వాడాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యంలోని ఒక విభాగం విజయవాడ నుంచి కోదాడ, సూర్యాపేటల మీదుగా సాగింది. కనుక ఇక్కడ ఏదైనా పాత ఆయుధం వెలుగుచూస్తే అది పోరాటకాలానిదేనా అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. అందుకు తొలి ఆధారం లోహంపై ఉన్న ముద్ర. ఆ ముద్ర ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. సేకర్తలు విస్తృతంగా అధ్యయనం చేసిన జర్మన్ ల్యూగర్ పిస్తోలు ఇందుకు తగిన నమూనా.

ముద్రలు – అర్థాలు

జర్మన్ సైన్యం 1908లో స్వీకరించిన ఈ పిస్తోలుపై ముద్రలు ప్రధానంగా నాలుగు విధాలు. మొదటిది తయారీదారు గుర్తు. మౌజర్ కర్మాగారం తన పేరుకు బదులు తొలుత ‘ఎస్/42’, తరువాత ‘42’, 1941 నుంచి ‘బివైఎఫ్’ అనే సంకేతాలను ముద్రించింది. రెండవది సంవత్సరం. వెర్సాయ్ ఒప్పందపు ఆంక్షల నడుమ ఆయుధోత్పత్తిని దాచేందుకు 1934కు బదులు ‘కె’, 1935కు బదులు ‘జి’ అక్షరాలను వేశారు. మూడవది తనిఖీ ముద్ర; నాజీ కాలంలో గద్ద బొమ్మ, దాని కింద అంకె సైనిక తనిఖీని సూచిస్తాయి. నాలుగవది క్రమసంఖ్య. దాని చివరి రెండంకెలు చిన్న భాగాలపైనా కనిపిస్తాయి. అవి సరిపోలకపోతే భాగాలు మారాయని గ్రహించాలి.

స్థానిక అన్వయం

ఇదే పద్ధతి .303 రైఫిలుకూ వర్తిస్తుంది. కిరీటం, ‘జిఆర్ఐ’ అక్షరాలు, ఈషాపూర్ పేరు, సంవత్సరం కలిసి ఉంటే అది బ్రిటిష్ ఇండియా కాలపు తయారీ. అశోక సింహాల ముద్ర ఉంటే స్వాతంత్ర్యానంతర కాలానిది. అయితే 1942 అని ఉన్న రైఫిలు 1948లో ఎవరి చేతిలో ఉందో ఆ ముద్ర చెప్పదు. అది పుట్టుకకు సాక్ష్యమే గాని ప్రయాణానికి కాదు. భారత సైనికులు ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రణరంగాలలో జర్మన్లతో పోరాడారు. కనుక ఒక జర్మన్ పిస్తోలు ఇక్కడికి చేరడం అసాధ్యం కాదు. కాని అది దళాల చేతికి వచ్చిందనడానికి స్వాధీన పత్రం, ఠాణా దస్తావేజు, సమకాలిక వాఙ్మూలం కావాలి. సూర్యాపేట జిల్లా 2016లో ఏర్పడినది గనుక నాటి పత్రాలను నల్లగొండ జిల్లా పేరుతోనే వెతకాలి.

పరిరక్షణ

తుప్పు వదిలించేందుకు ఆయుధాన్ని గరుకుకాగితంతో రుద్దితే ఈ సాక్ష్యం చెరిగిపోతుంది. గుర్తింపు ముద్రను చెరపడం, మార్చడం 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికే ఆ చట్టంలో మినహాయింపు ఉన్నది. పాతదన్న కారణం మాత్రమే చాలదు. కనుక దొరికిన ఆయుధాన్ని శుభ్రపరచక పోలీసులకు తెలియజేసి, వారి సమక్షంలో ముద్రల ఛాయాచిత్రాలు, దొరికిన స్థలపు వివరాలు నమోదు చేయించాలి. అప్పుడే కుటుంబాలలో నిలిచిన పోరాట స్మృతిని పత్రాలతో, లోహంతో సరిచూచే అవకాశం మిగులుతుంది.