నడుము వంచకుండా కలుపు

కలుపు తీయడం చేతకానివాడికి మొట్టమొదట తోచే ఉపాయం పెరడంతా గచ్చు చేయించెయ్యడం. సిగ్గుపడవలసిన మాటే గాని, నాకూ అదే తోచింది.

తెనాలిలో మాది పాతకాలపు యిల్లు. వెనుక బావికీ ప్రహరీ గోడకీ మధ్య ఒక మడి వుంది. పొడుగు పన్నెండడుగులు, వెడల్పు నాలుగడుగులు. అంతకు మించి లేదు. ఆ నాలుగు మూరల నేలలోనే మా అమ్మ నలభై యేళ్ళుగా వంగ, బెండ, తోటకూర, గోంగూర పండిస్తూ వచ్చింది. తెల్లవారి కాఫీ తాగి, పీట వేసుకుని, చేత తొలిక పట్టి కూర్చుందంటే యెండెక్కేదాకా లేచేది కాదు. రెండేళ్ళ కిందట వానాకాలంలో మోకాళ్ళు మొరాయించాయి. నాలుగు రోజులు చూసి, "ఒరేయ్, యిక నా వల్ల కాదు. గచ్చు చేయించెయ్యి" అంది.

నేను మేస్త్రీని పిలిచాను కూడాను. అతను టేపు పరిచి కొలుస్తూ వుంటే అమ్మ యేమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మేస్త్రీతో "రేపు రావయ్యా" అన్నాను. ఆ రేపు యింతవరకూ రాలేదు.

ఆ సాయంత్రమే పార పట్టాను. పాఠాలు చెప్పుకునే చేతులకు అంత ఉత్సాహం పనికిరాదు. వానకు మెత్తబడిన నేలను మూరెడు లోతున తిరగదవ్వి, కనిపించిన గడ్డినంతా పీకి పారేసి, చేతులు కడుక్కుని, పని అయిపోయిందనుకున్నాను. పక్షం తిరక్కుండానే మడి నిండా తుంగ! పచ్చని మఖమల్ పరిచినట్టు మొలిచింది. అమ్మ అరుగు మీద నుంచి చూసి, "విస్తరి వేసి మరీ పిలిచావు గదరా" అంది.

నిజమే, పిలిచాను. ప్రపంచంలోని కలుపు మొక్కలను బేరీజు వేసి 1977లో హోల్మ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ ఒక పెద్ద గ్రంథం వేశారు. అందులో మొదటి స్థానం యీ తుంగదే. పైన కనిపించే ఆకు దాని బలం కాదు. నేలలో జానెడు లోతులోపల జపమాల పూసల్లాగా దుంపలు ఒకదాని వెంట ఒకటి గుచ్చుకుని వుంటాయి. దండ తెగనంతకాలం కొస దుంపే మొలుస్తుంది. వెనుకవి నిద్రపోతూ వుంటాయి. పారతో దండ తెగ్గొట్టామంటే ప్రతి ముక్కా మేలుకుంటుంది. నేను చేసిన ఘనకార్యం అది.

తక్కిన కలుపు సంగతి విత్తనాలది. వాటి ఓర్పు యెంతటిదో చూడండి. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు కలుపు విత్తనాలను యిసుకలో కలిపి, యిరవై సీసాలలో పోసి, పాతిపెట్టాడు. అప్పుడప్పుడు ఒక సీసా తవ్వి మొలకెత్తించి చూడాలని సంకల్పం. ఆయన పోయినా పని ఆగలేదు. 2021లో ఒక సీసా తీశారు. నూట నలభై రెండేళ్ళు చీకట్లో వున్న విత్తనాలు కొన్ని మళ్ళీ మొలిచాయి! మన మడిలోనూ పైపొరలో యిలాటి విత్తనాలు లెక్కకు మించి పడుకుని వుంటాయి. వాటిలో చాలావాటికి ఒక్కసారి వెలుతురు తగిలితే చాలు. మనం తవ్వడమంటే అడుగున వున్నవాటికి దీపం చూపించడమే.

కనుక నేను నేర్చుకున్న మొదటి పాఠం: తవ్వవద్దు. తవ్వి తీరాలంటే ఋతువు చూసి తవ్వాలి. తుంగ దుంప తడినేలలో చావదు గాని, వైశాఖపు యెండకు ఆగదు. మరుసటి వేసవిలో, నేల యెండి పెళ్ళలు లేస్తూ వున్నప్పుడు, ఒక్క చుక్క నీరు పెట్టకుండా తిరగదవ్వి, దుంపలు బయటపడేలా పెళ్ళలు తిరగేసి వదిలేశాను. రోహిణి కార్తె యెండకు అవి ముడతలు పడి, వక్కల్లాగా గట్టిపడ్డాయి. అదే పార, అదే చెయ్యి. ఆషాఢంలో కొంప ముంచింది, వైశాఖంలో గట్టెక్కించింది. అన్నీ పోలేదు. అయినా రూపాయిలో పన్నెండణాల వంతు పోయింది.

రెండో పాఠం మా అమ్మ చెప్పిందే, నేను నలభై యేళ్ళు వినిపించుకోనిది. విత్తనం వెయ్యకముందే మడి తడిపి వదిలెయ్యాలి. వారం పది రోజుల్లో కలుపు తనంతట తాను మొలుస్తుంది. రెండాకుల మీద వుండగానే, యెండ వున్న పూట, దోకుడుపారతో పైపైన అంగుళం లోతుకు మించకుండా గీకెయ్యాలి. మళ్ళీ తడపాలి, మళ్ళీ గీకాలి. యిలా రెండు విడతలయ్యాక, యిక నేలను కదపకుండా అసలు విత్తనం వెయ్యాలి. పై పొరలో మొలవవలసిందంతా ముందే మొలిచి పోయింది గనుక మన తోటకూరకు పోటీ తగ్గుతుంది. యీనాటి వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పేదీ యిదే. అమ్మ దీనికి పేరేమీ పెట్టలేదు. "దొంగను ముందు బయటికి రానీ" అనేది.

ఆ దోకుడుపారకు నేను ఛాతీ యెత్తు కర్ర తొడిగించాను. కమ్మరి నవ్వాడు గాని తొడిగాడు. నిలబడి గీకవచ్చు. అమ్మ దాన్ని చూసి మొదట "యిదేం విడ్డూరం" అంది. మూడోనాడు నేను కాలేజీకి వెళ్ళిన సమయంలో తానే వాడిందని మా ఆవిడ చెప్పింది.

అసలు రహస్యం మాత్రం కప్పడంలో వుంది. మూల మూలనా దిగంబరంగా వున్న నేల కనిపిస్తే ప్రకృతికి సహించదు కాబోలు, యేదో ఒకటి కప్పి తీరుతుంది. ఆ పని మనమే ముందు చేస్తే సరి. రూత్ స్టౌట్ అనే అమెరికా యిల్లాలు నడుము నొప్పి లేకుండా తోట పెంచడం యెలాగో చెబుతూ 1955లో ఒక పుస్తకమే వ్రాసింది. (డిటెక్టివ్ నవలలు వ్రాసిన రెక్స్ స్టౌట్ యీమె తమ్ముడే.) ఆమె చేసిందల్లా యేడాది పొడుగునా మడి మీద మందంగా యెండుగడ్డి పరిచి వుంచడం.

డెల్టాలో మనకు వరిగడ్డికి కరువా? మొక్కలు జానెడు యెదిగాక వాటి మధ్య మూడంగుళాల మందాన పరిచాను. గడ్డి కింద పాత దినపత్రికలు ఆరేడు పొరలు తడిపి వేస్తే మరీ మంచిది. అయితే అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దింపుకుంటే మనకు యిబ్బందే. యిక్కడ చెదలున్నాయి, అందుకే యెనిమిదంగుళాల దిండు వెయ్యలేదు, వారానికొకసారి కర్రతో కదిపి చూస్తాను. చెయ్యి మాత్రం పెట్టను, తేళ్ళకు ఆ చల్లదనం మహా యిష్టం. మొక్క మొదలుకు గడ్డి ఆనితే కుళ్ళు పడుతుంది, రెండంగుళాలు యెడం వుండాలి. గడ్డిని పరిచేముందు బాగా విదలించాలి. నేను విదల్చలేదు, వంగ మడిలో వరి మొలిచింది. తోటకూరలాంటి సన్న విత్తనాల మడికి యీ కప్పు కుదరదు, దానికి ముందు చెప్పిన గీకుడే గతి.

గడ్డి దొరకనివాళ్ళు వేరుశనగ పొట్టు, యెండుటాకులు, చెరుకు ఆకు, యేదైనా వెయ్యవచ్చు. పచ్చిపేడ మాత్రం తెచ్చి వెయ్యకండి. పశువు తిన్న గడ్డిగింజలు దాని కడుపులో చావక, పేడతో పాటు మీ మడికి చేరతాయి. కుప్ప వేసి, లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టి చల్లారిన యెరువైతే ఆ బెడద చాలావరకు లేదు.

మిగిలిన తుంగను గడ్డి ఆపలేదు. దాని సూదిమొన కాగితాన్నీ, ప్లాస్టిక్ షీటునూ కూడా పొడుచుకుని వస్తుంది. దానికి పడనిది నీడ. అందుకని మడి సగంలో చిలగడదుంప తీగ పెట్టాను. రెండు నెలల్లో అది నేల కనపడకుండా అల్లుకుంది. కింద తుంగ పాలిపోయి సన్నగా వచ్చింది. అది తలెత్తినప్పుడల్లా కోసేస్తూ పోయాను. ఆకు లేక దుంప యెన్నాళ్ళు తినిపిస్తుంది? పైగా సంక్రాంతికి ఒక బుట్టెడు దుంపలు. నీరు కూడా మడంతా పారించడం మానేసి పాదులకే పోస్తున్నాను. మనం నీళ్ళు పెట్టని చోట కలుపు కూడా బద్ధకిస్తుంది.

ఒక్క వయ్యారిభామ విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు. 1955 ప్రాంతంలో పుణే దగ్గర కంటబడిన యీ పరదేశి దేశమంతా పాకింది. ఒక్కొక్క మొక్క వేలకు వేలు గింజలు రాలుస్తుంది. తగిలితే కొందరికి ఒళ్ళంతా దురదలు. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో సహా లాగాలి. మా ప్రహరీ అవతలి ఖాళీ స్థలంలో అది విరగబూస్తుంది. గోడ యిటువైపు నా నేర్పు యెంతయినా, గాలికి గోడ అడ్డమా?

మొన్న క్లాసులో ఒక కుర్రవాడు కలుపు అంటే "పైరులో కలిసిపోయేది గనక కలుపు" అని వ్యుత్పత్తి చెప్పాడు. ముచ్చటగానే వుంది గాని, తమిళంలో దీన్ని 'కళై' అనీ, కన్నడంలో 'కళె' అనీ అంటారు. మన కలుపు ఆ యింటి ఆడపడుచు. కలవడంతో చుట్టరికం లేదు. యీ సంగతి యింటికి వచ్చి అమ్మకు చెప్పాను. విని, "యేదైతేనేం, ఆ బావి మూల మాత్రం నీ గడ్డి పరచకు" అంది.

అక్కడ రెండు జానల నేల ఖాళీగా వదిలి వుంచింది. వారానికొకసారి చెంబెడు నీళ్ళు పోస్తోంది. యెందుకో నాకు అర్థం కాలేదు. నిన్న పొద్దున చూస్తే ఆ మూల గుబురుగా గంగపాయలాకు, దాని పక్కనే గలిజేరు. మధ్యాహ్నం పప్పులో పులుపు తగిలి "యేం కూర?" అని అడిగాను.

"నువ్వు చంపుతానన్నదే" అని యింకొక గరిటె వేసింది.