169.254 చెప్పే సంగతి

వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే 169.254తో మొదలయ్యే ఐపీ అడ్రస్ కనబడుతోంది, ఇది వైరస్ పనా అని ఒక పాఠకుడి ప్రశ్న. వైరస్ కాదు. లోపం ఏ వైపున ఉందో కంప్యూటర్ తానే చూపిస్తున్న ఆనవాలు.

ఇంట్లో ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ ఇచ్చేది రౌటర్. ఇచ్చే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని నియమాలను 1997లో రాల్ఫ్ డ్రామ్స్ రాశాడు. ఇందులో అసలు చిక్కుముడి ఎంత ముచ్చటైందో చూడండి: అడ్రసే లేని యంత్రం అడ్రస్ కోసం ఎవరిని, ఎలా అడగాలి? రౌటర్ ఎక్కడుందో దానికి తెలియదు. జవాబు వచ్చి చేరడానికి తనకో చిరునామా లేదు. అందుకని పంపినవారి చోట 0.0.0.0 అనీ, అందుకునేవారి చోట 255.255.255.255 అనీ పెట్టి నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా ఒక కేక వేస్తుంది. తన నెట్‌వర్క్ కార్డు తాలూకు 48 బిట్ల సంఖ్యను, అప్పటికప్పుడు ఎంచుకున్న మరో గుర్తును దానికి జత చేస్తుంది. జవాబు తనకేనని పోల్చుకునేది వాటితోనే.

రౌటర్ ఒక అడ్రస్ చూపిస్తుంది. అదే కావాలని కంప్యూటర్ చెప్పేది కూడా రౌటర్ చెవిలో కాదు, మళ్లీ అందరికీ వినబడేలానే! ఇంకో సర్వర్ కూడా అడ్రస్ చూపించి ఉంటే, తనది అక్కర్లేదని దానికి తెలియాలి కదా. చివరికి రౌటర్ ఖాయం చేస్తుంది. మొత్తం నాలుగు సందేశాలు.

అలా వచ్చిన అడ్రస్ సొంతం కాదు, లీజు. 24 గంటల లీజైతే మామూలుగా 12 గంటలకే పొడిగింపు అడుగుతుంది. రౌటర్ పలకకపోతే 21వ గంట నుంచి ఏ సర్వరైనా సరేనని అందరినీ అడుగుతుంది. గడువు నిండితే వదులుకోవాల్సిందే. లెక్క పెట్టినట్టు ఒకే వ్యవధికి నెట్ పోతున్న ఇళ్లలో దీన్నీ అనుమానించాలి.

ఎంత అడిగినా ఎవరూ పలకనప్పుడు కంప్యూటర్ 169.254 వరుసలోని 65,024 అడ్రసుల్లోంచి ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. ఇది ఎవరిదైనా ఉందా అని చుట్టుపక్కల విచారించి, లేదంటేనే పెట్టుకుంటుంది. విండోస్ 98లోనే ఉన్న ఈ ఏర్పాటుకు స్టూవర్ట్ చెషైర్, మరో ఇద్దరు కలిసి 2005లో ప్రమాణం రాశారు. రౌటర్ లేకుండా రెండు కంప్యూటర్లను కేబుల్‌తో కలిపినా అవి మాట్లాడుకోవాలన్నది ఉద్దేశం. ఈ అడ్రస్‌తో వచ్చినదాన్ని రౌటర్లు బయటికి పంపకూడదు. ఇంటర్నెట్ రాకపోవడం అందుకే.

కాబట్టి ఇది చూసి కూడా బయట లైన్ పోయిందనే కస్టమర్ కేర్ జవాబు సరైంది కాదు. వీధిలో ఫైబర్ తెగినా ఇంటి రౌటర్ లోపల అడ్రసులు పంచుతూనే ఉంటుంది. అడ్రస్‌ను చేత్తో రాసేయమనే సలహా ఇంకా చేటు. రౌటర్ దాకా మాటే చేరకపోతే ఏ అడ్రసైనా ఒకటే. చేరుతుంటే, ఇంట్లో ఏ ఫోన్‌కో ఇచ్చిన అడ్రసే రాసుకుని రెండూ తగువులాడుకుంటాయి.

ఇక చేయాల్సింది కొంచెమే. వైఫై ఆపి మళ్లీ పెట్టాలి, రౌటర్ రీస్టార్ట్ చేయాలి, అప్పటికీ రాకపోతే ల్యాన్ కేబుల్ పెట్టి చూడాలి. కేబుల్‌తో వస్తే తప్పు వైఫై డ్రైవర్‌దో సిగ్నల్‌దో. కేబుల్‌తోనూ రాకపోతే రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆగిపోయిందేమో, చుట్టాల ఫోన్లన్నీ కలిసి పంచాల్సిన అడ్రసులు అయిపోయాయేమో చూడాలి. ఏమీ చేయకుండానే కాసేపటికి నెట్ వచ్చేస్తే అందులోనూ వింత లేదు: విండోస్ ప్రతి 5 నిమిషాలకోసారి అదే కేక మళ్లీ వేస్తుంటుంది.